కేశవ శబ్దం: పుట్టుపూర్వోత్తరాలు

తిరుమల కొండమీద కల్యాణకట్టలో రాత్రనక పగలనక కత్తి ఆడుతూనే ఉంటుంది. చిత్తూరు పల్లెనుంచి బస్సెక్కి వచ్చిన రైతు, పట్నంలో గుమాస్తా పని చేసుకొనే యువకుడు, మొక్కు తీర్చుకోవటానికి వచ్చిన ఇల్లాలు, తల్లి ఒడిలో గుక్కపట్టి ఏడ్చే పసివాడు, అందరూ వరుసగా కూర్చొని తలలు వంచుతారు. కొద్ది నిమిషాలలో పని ముగుస్తుంది. నున్నని తలకు గంధం పూసుకొంటారు, పుష్కరిణిలో స్నానం చేస్తారు. స్నానమయిన పిమ్మట ఆచమనం చేసే అలవాటున్నవారు అరచేతిలో నీళ్లు పోసుకొని మొట్టమొదట ఉచ్చరించే నామం కేశవ. దాని వెంట నారాయణ, మాధవ, గోవింద అంటూ తక్కిన నామాలు వస్తాయి. మొత్తం 24. వాడుకలో వీటిని కేశవనామాలనే అంటారు.

జుట్టంతా ఇచ్చివేసి వచ్చినవాడు పలికే ఈ మొదటి మాటకు వ్యాకరణం చెప్పే అర్థమేమిటో ఆ సమయంలో ఎవరికీ తట్టదు. కేశవుడనగా జుట్టుగలవాడు.

ఈ అర్థం వినగానే కొందరికి నవ్వు వస్తుంది, కొందరికి కష్టంగా తోస్తుంది. దేవుని పేరుకు ఇంత సామాన్యమైన అర్థమా అని వారి బాధ. తరగతిలో చెన్నకేశవులు అనే పిల్లవాడు లేచి తన పేరుకు అర్థం అడిగితే ఉపాధ్యాయుడు సాధారణంగా చెప్పే సమాధానం వేరు: కేశి అనే రాక్షసుని చంపినవాడు కనుక కేశవుడు. శాస్త్రపరిచయం ఉన్నవారు ఇంకొకటి చెపుతారు. క అనగా బ్రహ్మ, అ అనగా విష్ణువు, ఈశుడు శివుడు. ఈ ముగ్గురూ ఎవరి వశంలో ఉన్నారో ఆయన కేశవుడు. విష్ణుసహస్రనామాలలో ఈ పేరు రెండుసార్లు, 23వ నామంగాను 648వ నామంగాను వస్తుంది. శంకరుల పేర ప్రసిద్ధమైన భాష్యం 23వ నామం దగ్గర ఈ రెండు అర్థాలనూ ఇస్తుంది. వాటితోబాటు, చక్కని కేశములు గలవాడు అనే అర్థమూ అక్కడే ఉన్నది. మూడింటినీ పక్కపక్కన పెట్టటానికి భాష్యకారుడు ఏమీ సంకోచించలేదు. భక్తునికి మూడూ పనికివస్తాయి. మాట చరిత్ర వెదకేవాడికి మాత్రం మూడింటిలో ఏది ముందు పుట్టినదో తేలాలి. దానికి ఆధారాలు రెండు: మాట కట్టుబడి, మాట పాతవాడుక.

కట్టుబడి సంగతి పాణిని తేల్చినాడు. క్రీస్తుకు పూర్వం 5వ లేక 4వ శతాబ్ది వాడైన ఆయన తన అష్టాధ్యాయి ఐదవ అధ్యాయం రెండవ పాదంలో, ఫలానాది కలవాడు అనే అర్థమిచ్చే ప్రత్యయాలను వరుసగా చెప్పుకొంటూ పోతాడు. తెలుగులో ఈ పనికి 'గల' అనే ఒక్క మాట చాలు: బలముగల, ధనముగల, జుట్టుగల. సంస్కృతంలో అట్లా కాదు. ఒక్కొక్క గుంపు మాటలకు ఒక్కొక్క ప్రత్యయం. 109వ సూత్రం కేశ శబ్దానికే ప్రత్యేకంగా పెట్టినది. దానికి 'వ' చేర్చవచ్చును, మానవచ్చును అంటుంది. చేరిస్తే కేశవుడు. మానితే కేశి, కేశికుడు, కేశవంతుడు. నాలుగింటికీ అర్థం ఒక్కటే. తరువాతి సూత్రం ఇదే వకారాన్ని మరి రెండు పేర్లకు తగిలిస్తుంది. ఒకటి అజగవం, శివుని విల్లు. రెండవది అర్జునుని గాండీవం. గాండి అనగా కణుపు, కణుపులుగల విల్లు గాండీవం. భారతం చదివే విద్యార్థికి ఇంతకంటె సులువైన గుర్తు దొరకదు: గాండీవంలోని వకారమే కేశవునిలోని వకారం.

ఇక పాతవాడుక. అథర్వవేదం ఎనిమిదవ కాండలో గర్భిణీ స్త్రీల రక్షణకోసం చెప్పిన సూక్తమొకటి ఉన్నది. పచ్చిమాంసం తినేవి, గర్భాలను హరించేవి అయిన దుష్టభూతాలను అక్కడ తరిమివేస్తారు. ఆ భూతాలకు వేసిన విశేషణం కేశవులు, అనగా జుట్టు విరబోసుకొన్నవి. శతపథ బ్రాహ్మణంలో వాజపేయ యాగ సందర్భాన పరిస్రుతమనే మద్యాన్ని సీసమిచ్చి ఒక మనిషి వద్ద కొనాలని ఉన్నది. ఆ మనిషి కేశవుడై ఉండాలి, అనగా పొడుగు జుట్టు పెంచుకొన్నవాడై ఉండాలి. ఈ రెండు చోట్లా దేవుని ప్రసక్తి లేదు. పొట్టి, పొడుగు, నలుపు, తెలుపు వంటి మామూలు విశేషణమే అది. పాణిని సూత్రంలో కూడా అది దేవుని పేరన్న మాట కనబడదు. క్రీస్తుకు పూర్వం 2వ శతాబ్దిలో పతంజలి మహాభాష్యం వ్రాసేనాటికి సంగతి మారినది. ధనపతి, రామ, కేశవుల ప్రాసాదాన్ని, అనగా వారి గుడిని, ఆయన ఒక ఉదాహరణలో పేర్కొన్నాడు. అప్పటికి కేశవుడు గుడిలో పూజలందుకొనే దేవుడు. భూతాలకు వేసిన విశేషణమే కొన్ని వందల ఏండ్లలో గర్భగుడి చేరినది. మాటల చరిత్రలో ఇటువంటి ప్రయాణాలు అరుదు కావు గాని, ఇంత దూరం నడిచినవి తక్కువ.

కేశి కథ తరువాత వచ్చి చేరినది. కంసుడు పంపిన కేశి గుర్రం రూపంలో వచ్చి కృష్ణుని చేతిలో చచ్చినాడని, అందువల్ల నీవు కేశవుడవని పేరు పొందుతావని నారదుడు చెప్పినాడని విష్ణుపురాణం కథ. కథ చక్కనిదే. అయితే కేశి అన్నా జుట్టుగలవాడే. గుర్రం కనుక జూలుగలవాడని చెప్పుకోవచ్చు. చంపినవాని పేరు, చచ్చినవాని పేరు వ్యాకరణరీత్యా ఒకే మాటకు రెండు రూపాలు! సహస్రనామాల వరుస చూసినా ఈ సంగతి తెలుస్తుంది. 648వ నామం కేశవ. దాని వెనువెంటనే 649వ నామం కేశిహా, అనగా కేశిని చంపినవాడు. కేశవుడంటేనే కేశిని చంపినవాడని అర్థమైతే ఆ ముక్కను వెంటనే మళ్లీ చెప్పవలసిన పని లేదు.

చెన్నకేశవులు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మార్కాపురంలోను మాచర్లలోను చెన్నకేశవస్వామి గుళ్లున్నాయి. కన్నడదేశంలోని బేలూరు గుడి 1117లో హొయసల విష్ణువర్ధనుడు ప్రతిష్ఠించినది. చెన్ను అనగా అందం. చెన్నకేశవుడు అందమైన కేశవుడేగాని అందమైన జుట్టుగలవాడు కాడు. కేశవ అన్న మాట అప్పటికే పేరైపోయినది. కొత్త విశేషణం మొత్తం పేరుకు తగులుతుంది, దానిలోని వెండ్రుకలకు కాదు.

దేవునికి జుట్టు ప్రధానమెందుకైనదన్న ప్రశ్న మిగిలే ఉన్నది. పూర్వులు ఇందుకు చెప్పిన జవాబులలో ఒకటి భౌతికశాస్త్రం చదివేవారికి ప్రత్యేకంగా నచ్చుతుంది. ఋగ్వేదంలో కేశి అన్న మాట సూర్యునికి వచ్చినచోట యాస్కుడు తన నిరుక్తంలో కేశాలనగా కిరణాలని వ్యాఖ్యానించినాడు. మహాభారతం శాంతిపర్వంలో భగవంతుడే ఈ మాట చెపుతాడు: ప్రకాశించే నా కిరణాలకే కేశాలని పేరు, అందుచేత నన్ను కేశవుడంటారు. చుట్టూ విరజిమ్మే వెలుగును జుట్టుగా చూడటం మనవారికే పరిమితం కాలేదు. గ్రీకులు ఆకాశంలో తోకచుక్కను చూసి దానికి కొమేటేస్ అని పేరు పెట్టినారు. కొమే అనగా జుట్టు. కొమేటేస్ అనగా పొడుగు జుట్టుగలది. ఇంగ్లీషులో కామెట్ అయిన మాట ఇదే. తోకచుక్క తలచుట్టూ ఉండే పొగమంచువంటి ఆవరణాన్ని ఖగోళశాస్త్రజ్ఞులు ఈనాటికీ కోమా అనే పిలుస్తారు. మనకు తోకగా కనబడినది గ్రీకులకు జుట్టుగా కనబడినది. హేలీ తోకచుక్క 1910లో, 1986లో వచ్చి వెళ్లినది; తిరిగి 2061లో వస్తుంది. గ్రీకు పేరును ముక్కకు ముక్క సంస్కృతం చేస్తే అది కేశవ తార అవుతుంది.

రోములో మరొక పేరుకు ఇదే కథ నడిచినది. సీజరు వంశనామానికి పూర్వ రోమకులు నాలుగైదు అర్థాలు చెప్పుకొన్నారు. తల్లి కడుపు కోసి తీసిన బిడ్డ కనుక అని ఒకరు, ఏనుగును చంపినవాడు కనుక అని ఒకరు, నీలిబూడిదరంగు కండ్లవాడని ఇంకొకరు. లాటిన్‌లో కైసరీస్ అనగా తలజుట్టు కనుక నిండు జుట్టుతో పుట్టినవాడని మరొకరు. కేశవ శబ్దానికి మనవారు కూర్చిన అర్థాల పట్టికకు ఇది తోబుట్టువు. జర్మనులు కైజర్ అన్నా రష్యావారు జార్ అన్నా ఈ పేరే. ఇందులో విచిత్రమేమంటే, జూలియస్ సీజరుకు బట్టతల. ఉన్న నాలుగు వెండ్రుకలను ముందుకు దువ్వుకొనేవాడని, తలమీద ఆకుల దండ పెట్టుకొనే గౌరవం దొరికినందుకు మహా సంతోషపడినాడని సూటోనియస్ అనే చరిత్రకారుడు వ్రాసినాడు.

పాణిని జుట్టుకు రెండు మాటలు వేరుచేసి చెప్పినాడు. 109వ సూత్రం కేశానిదైతే, అంతకు తొమ్మిది సూత్రాల ముందు, 100వ సూత్రంలో, రోమ శబ్దానికి 'శ' చేర్చి రోమశ అన్న రూపం సాధించినాడు. రకారం లకారమైతే లోమశ. కేశాలు తలవి, రోమాలు ఒంటివి. ఋగ్వేదం మొదటి మండలంలోనే రోమశా అన్న మాట ఉన్నది; గాంధారదేశపు గొర్రె పోలికతో వస్తుంది. భారతంలో పాండవులను తీర్థయాత్రకు తీసుకొనిపోయిన మహర్షి లోమశుడు. బీహారులోని బరాబర్ కొండల్లో మౌర్యులనాటి గుహ ఒకటి ఆయన పేరనే ఉన్నది. రామాయణంలో ఋష్యశృంగుని రప్పించిన అంగరాజు రోమపాదుడు, వెండ్రుకల పాదాలవాడు. తెలుగు ఇంకా ఖచ్చితమైనది. మనిషి తలది జుట్టు, కుక్కది బొచ్చు, గొర్రెది ఉన్ని, లేత ఆకుమీదిది నూగు. పదునారేండ్ల కుర్రవాని మీసం నూగుమీసం. బొచ్చు అన్న మాటను మనిషికి వాడితే తిట్టు కిందనే లెక్క.

తలజుట్టుకు, ఒంటి వెండ్రుకలకు భాష పెట్టిన ఈ గీత జీవశాస్త్రంలోనూ ఉన్నది. మనిషి ఒంటిమీద మొత్తం సుమారు 50 లక్షల వెండ్రుకల కుదుళ్లుంటే తలమీద ఉండేవి సుమారు ఒక లక్ష. పదార్థం అన్నిటిదీ ఒకటే, కెరటిన్ అనే ప్రోటీను. భేదమంతా పెరిగే కాలంలో ఉన్నది. తల వెండ్రుక నెలకు దాదాపు ఒక సెంటీమీటరు చొప్పున 2 నుంచి 6 సంవత్సరాలు ఎడతెగక పెరిగి, కొంతకాలం విశ్రమించి, రాలిపోతుంది. కనుబొమ్మ వెండ్రుకకు, చేతిమీది వెండ్రుకకు పెరిగే కాలం కొద్ది నెలలే. కనుక ఎంతకాలం వదిలినా రోమం కేశం కాజాలదు.

కల్యాణకట్టలో కత్తికి తెగేది వెండ్రుకలోని నిర్జీవభాగం. అది పుట్టే కుదురు చర్మం లోపల సుమారు 4 మిల్లీమీటర్ల లోతున క్షేమంగా ఉంటుంది. పుట్టువెండ్రుకలు తీయిస్తే తరువాత జుట్టు దట్టంగా వస్తుందని ఇంటింటా పెద్దలు చెప్పే మాటకు ఆధారం లేదు. కొనదేలిన వెండ్రుకను మొదట కోస్తే కోసిన చివర మొద్దుగా ఉంటుంది; చేతికి గరుకుగా తగిలేది అదే. కుదుళ్ల సంఖ్య పెరగదు, తగ్గదు.

రోమాలకు మరొక గుణమున్నది. చలి వేసినా, భయం కలిగినా, గొప్ప సంతోషం పొంగినా అవి నిక్కబొడుచుకొంటాయి. ప్రతి వెండ్రుక మొదటికీ ఒక చిన్న కండరం అంటుకొని ఉంటుంది. అది బిగుసుకొంటే వెండ్రుక నిలబడుతుంది, చర్మం బుడిపెలు కడుతుంది. కుక్కను చూసిన పిల్లికి తోక రెండింతలు కావటం ఈ కండరాల మహిమే. తెలుగులో గగుర్పాటు అంటాము, సంస్కృతంలో రోమహర్షణం అంటారు. ఇక్కడ హర్షమనగా మొదట సంతోషం కాదు, నిక్కబొడుచుకోవటం. హృష్ ధాతువుకు లాటిన్‌లోని హోర్రేరే అన్న క్రియ సోదరి. దాని అర్థమూ నిక్కబొడుచుకోవటమే. ఆ లాటిన్ క్రియనుంచి ఇంగ్లీషు హారర్ పుట్టినది. ఒకే ఒంటి లక్షణం మనకు ఆనందాన్ని సూచించే మాటైతే పడమటివారికి భయాన్ని సూచించే మాట అయినది. కేశవనామాలలో హృషీకేశ అన్న పేరు కూడా ఉన్నది. ఇంద్రియాలకు ఈశుడన్నది దానికి వాడుకలో ఉన్న అర్థం. హృష్టమైన కేశాలు గలవాడు, అనగా జగత్తుకు హర్షమిచ్చే కిరణాలు గలవాడు అన్న అర్థమూ పూర్వులు చెప్పినారు. ఆ పేరులో హర్షమూ, కేశమూ ఒక్కచోట కలుసుకొన్నాయన్నమాట.

లాటిన్‌లో హోర్రేరే కుటుంబానికే చెందినదని భాషావేత్తలు తలచే మరొక మాట హిర్సూటస్. దాని అర్థం గరుకు వెండ్రుకలుగలది, అచ్చంగా రోమశ. పాఠశాలలో వృక్షశాస్త్రం చెప్పేవారికి ఇది తరచుగా ఎదురవుతుంది. తిరుపతి చుట్టుపట్ల కంచెలమీద పాకే దూసరితీగ శాస్త్రీయనామం కాక్యులస్ హిర్సూటస్. దాని ఆకు తడిమితే పేరు ఎందుకు వచ్చినదో తెలుస్తుంది. ఆ ఆకును నీళ్లలో పిసికి వడకట్టి ఉంచితే కాసేపటికి పచ్చగా గడ్డకడుతుంది. పిల్లలకు ఇది మంచి ఆట. రెడ్డివారి నానబాలు యుఫోర్బియా హిర్టా. హిర్టా కూడా వెండ్రుకలదే. ఇక ఈనాడు రైతులు విరివిగా వేసే పత్తి గాసిపియం హిర్సూటం. 1763లో లినేయస్ ఈ పేరు పెట్టినది దాని కాండంమీది నూగు చూసిగాని దూదిని చూసి కాదు. దూదిపోగు కూడా గింజ పైపొరనుంచి పొడుచుకొని వచ్చిన ఒంటికణపు వెండ్రుకే, అది వేరే సంగతి. ఆకుమీది నూగు అలంకారం కాదు. దట్టమైన నూగున్న పత్తిరకాలమీద పచ్చదోమ సరిగా కుదురుకోలేదు. అదే నూగు తెల్లదోమ గ్రుడ్లు పెట్టటానికి అనుకూలం. రైతుకు ఒకచేత ఇచ్చి మరొకచేత తీసుకొనే వెండ్రుకలివి.

వైద్యులు వాడే హిర్సూటిజం అన్న మాట కూడా దీనినుంచే వచ్చినది. స్త్రీలకు గడ్డం, పైపెదవి మొదలైనచోట్ల పురుషులకువలె గరుకు రోమాలు రావటాన్ని అట్లా అంటారు. ఆండ్రోజెనులనే హార్మోనుల ప్రభావంవల్ల నూగు ముదిరి రోమమవుతుంది. 1961లో ఫెరిమన్, గాల్వే అనే ఇద్దరు దీనిని అంకెలలో కొలిచే పద్ధతి ఏర్పరచినారు. తరగతిలో ఒక అమ్మాయి పైపెదవిని చూసి వెనుక బెంచీవారు నవ్వుకొనే సందర్భాలు ఉపాధ్యాయులకు తెలియనివి కావు. ఆ అమ్మాయి ఒంట్లో కొత్తగా పుట్టిన కుదురేదీ లేదు. తక్కిన అందరికీ ఉన్న కుదుళ్లే ఆమెకూ ఉన్నాయి; వాటికి అందిన హార్మోను పాలు హెచ్చు, లేదా ఆ పాలుకు అవి స్పందించే తీరు వేరు. శాస్త్రగ్రంథాలకు రోమశత్వం అన్న మాట చాలును. బొచ్చు అన్న మాటను ఆకుకైనా వాడకుండటం మేలు, నూగు అనవచ్చును.

మాటను మెత్తబరచటంలో కల్యాణకట్టను మించినది లేదు. దీపం ఆరినది అనక కొండెక్కినది అన్నట్లే ఇక్కడ క్షౌరం అన్న మాట వినబడదు. కట్ట అనగా రచ్చకట్టలోని కట్టే, కూర్చొనే అరుగు, కల్యాణమనగా శుభం. కత్తి పట్టినవాని పేరైన మంగలిలోనూ మంగళమే ఉన్నదంటారు. క్షురం అన్న పాతమాట మాత్రం చెక్కుచెదరలేదు. గ్రీకుల మంగలికత్తి పేరు క్సురోన్ దీనికి సోదరి. వెండ్రుకలిచ్చినాను అని కూడా యాత్రికులెవరూ అనరు. తలనీలాలిచ్చినాను అంటారు. గొల్లవాని గొడ్డలిదెబ్బకు శ్రీనివాసుని తలమీద కొంతమేర జుట్టు పోతే నీలాదేవి తన జుట్టు తీసి అక్కడ అమర్చినదని, ఆమె పేరనే ఏడుకొండలలో ఒకటి నీలాద్రి అయినదని, భక్తుల జుట్టు ఆమెకు చెందుతుందని స్థలకథ. భాష వైపునుంచి చూస్తే నీలమనగా నలుపుతో కలిసిన ముదురు రంగు. మెలనిన్ నిండిన వెండ్రుక రంగు అది. కేశవునికి కేశి కథ తోడైనట్లే నీలాలకు నీలాదేవి కథ తోడైనది. డెబ్బది ఏండ్ల ముసలివాని తల ముగ్గుబుట్టవలె నెరసిపోయినా అతడిచ్చేవి నీలాలే.

కల్యాణకట్టలో ఏడ్చే పసివానికి ఇంటివారు చెన్నకేశవులని పేరు పెట్టుకొని ఉండవచ్చు. అతడు కొండ దిగేనాటికి పేరుకు, తలకు పొత్తు ఉండదు. సెంటీమీటరు జుట్టు రావటానికి ఒక నెల పడుతుంది.